పర్మనెంట్ పువ్వులు

మీకు ఉద్యోగమంటే పరీక్ష రాయడం, కాగితం రావడం, వెళ్ళి చేరిపోవడం. చేరిన రోజునుంచీ మీరు పర్మనెంటే. అందుకే ఆ మాట మీ నోట్లో అంత తేలిగ్గా దొర్లుతుంది. మా రోజుల్లో, రైల్వే ఊరు ఖరగ్‌పూర్‌లో, దాన్ని కొంచెం భయంగా పలికేవాళ్ళం. ఊళ్ళో బెంగాలీలు, ఒడియాలు, తెలుగువాళ్ళు, బిహారీలు ఉంటారని బయటివాళ్ళు చెప్పుకుంటారు గానీ, నాకు తెలిసి అక్కడ ఉన్నవి రెండే జాతులు. ఒకటి పర్మనెంటు, రెండోది క్యాజువల్, అంటే పనున్నన్నాళ్ళే కూలి. పెళ్ళిచూపుల్లో మగపిల్లాడి పేరు తర్వాత అడిగేది అదే. గది అద్దెకిచ్చేవాడు తాళంచెవి తీసేముందు అడిగేదీ అదే.

నేను తొమ్మిదేళ్ళకి పైగా రెండో జాతిలో ఉన్నాను. మొదటి జాతిలోకి ఎలా మారానో చెబుతాను. అది తమవల్లేనని యూనియన్ వాళ్ళు చెబితే నమ్మకండి.

నేను మాలీని. ఏ ఆఫీసు తోట అని మాత్రం అడక్కండి, నా పెన్షన్ కాగితాలు ఇంకా ఆ వైపునుంచే వస్తాయి. పెద్ద ఆఫీసర్లు వస్తే దిగే రెస్ట్‌హౌస్ ముందు అర్ధచంద్రంలా ఒక మడి, దారికి అటూ ఇటూ రెండు పొడుగాటి మడులు. అంతే నా రాజ్యం. దుర్గాపూజ సెలవులు అవగానే నన్ను పనిలోకి పిలిచేవారు. డాలియాలు, చేమంతులు, బంతులు, ఇంకా నోరు తిరగని పేర్లున్న ఇంగ్లీషు పువ్వులు వేసేవాళ్ళం. వాటన్నిటినీ కలిపి సీజనల్స్ అనేవారు. జనవరిలో తోట కళకళలాడేది. మార్చిలో ఆ ఎర్రమట్టి కాలడం మొదలవగానే అన్నీ మాడిపోయేవి. పువ్వులు మాడిన రెండు మూడు వారాలకి నాకు బ్రేక్ ఇచ్చేవారు, అంటే ఇంటికి పొమ్మనేవారు. సర్వీసు తెగకుండా చేసినవాళ్ళనే పర్మనెంట్ చేసే స్క్రీనింగ్‌కి పిలుస్తారు. నా సర్వీసేమో ప్రతి వేసవికీ డాలియాతో పాటే తెగిపోయేది.

మా మావ, అంటే నా భార్య తండ్రి, వర్క్‌షాపులో బాయిలర్ మేకర్. పుట్టినప్పుడే పర్మనెంట్ అయినవాడిలా ఉండేవాడు. ఆర్నెల్లలో అబ్బాయి పర్మనెంట్ అయిపోతాడని చర్చి పెద్ద ఒకాయన చెప్పిన మాట నమ్మి పిల్లనిచ్చాడు. ఆర్నెల్లు గడిచాయి, ఏళ్ళు గడిచాయి. న్యూ సెటిల్‌మెంట్‌లో వాళ్ళ క్వార్టర్‌కి నేను వెళ్ళినప్పుడల్లా పడక్కుర్చీలోంచి లేవకుండానే లోపలికి కేకేసేవాడు.

"క్యాజువల్ వొచ్చినాడు. మంచినీళ్ళియ్యండి."

అల్లుడు అనే మాట ఆయన నోట నేను వినలేదు. కోపం కాదు, ఆయన లెక్కలో ఆ పోస్టు ఇంకా ఖాళీగా ఉంది. రిటైరైన రెండేళ్ళకి చనిపోయాడు. ఆస్పత్రి మంచం మీద కూడా నన్ను చూసి, "స్క్రీనింగేటయినాది?" అని అడిగాడు.

ఇక మా తోట మేస్త్రి మేదినీపూర్ బెంగాలీ. అందరం దాదా అనేవాళ్ళం. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆయన బాగా నేర్చుకున్నది ఒకటే, తోటలో నీడ ఏ గంటకి ఎక్కడ పడుతుందో. ఆ గంటకి ఆయన అక్కడ ఉండేవాడు. ఆఫీసులో పెద్దబాబు, అంటే హెడ్ క్లర్కు, ఇంకో బెంగాలీ. మంచివాడు, భయస్తుడు. ఆయన బల్ల మీద అట్ట ఊడిపోయిన డిక్షనరీ ఒకటి ఎర్రగుడ్డలో చుట్టి ఉండేది. సాహెబు రాసిన ప్రతి కాగితాన్నీ దానికి చూపించి గానీ ముందుకి పంపేవాడు కాదు.

ఎనభైల చివర్లో ఒక మార్చిలో కొత్త సాహెబు వచ్చాడు. వస్తూనే ఆయనకి తెలిసిన కబురు, పైనుంచి పెద్ద సాహెబు తనిఖీకి వస్తున్నాడని. ఎప్పటిలా చలికాలంలో కాదు, నడి మే నెలలో. దిగేది మా రెస్ట్‌హౌస్‌లోనే. మాడిన డాలియా మడులు చూసి కొత్త సాహెబు మొహమూ అలాగే అయింది. వేసవికి సీజనల్స్ పనికిరావు, పెరెన్నియల్స్ పెట్టండి అని ఫైలు మీద ఒక్క లైను రాసి పంపాడు. ఏటేటా మళ్ళీ నాటక్కర్లేకుండా ఏళ్ళతరబడి బతికే మొక్కలని ఆయన ఉద్దేశం. ఆ మాట తెలిసినవాడు మా ఆఫీసులో ఒక్కడూ లేడు.

పెద్దబాబు ఎర్రగుడ్డ విప్పాడు. దాదా, నేను బల్ల ముందు నిలబడ్డాం. ఆయన బెంగాలీలో అన్నది మన భాషలో చెబుతున్నాను.

"పెరెన్నియల్. ఏడాది పొడుగునా ఉండేది. ఎప్పటికీ ఉండేది. పర్మనెంట్," అని చదివి కళ్ళజోడు తీశాడు. "సాహెబుకి పర్మనెంట్ పువ్వులు కావాలి."

"పర్మనెంట్ పువ్వు ఎక్కడైనా ఉంటుందా బాబూ?" అన్నాను.

"నువ్వు పర్మనెంట్ కాలేదని లోకంలో పర్మనెంటే లేదంటావా?"

ఎగతాళికి అన్లేదు, మామూలుగానే అన్నాడు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

ఇండెంట్ రాశాడు. పువ్వులు, పర్మనెంట్ రకం, రంగురంగులవి. ఆ కాగితం ఆయన బల్ల మీంచి ఇంకో బల్లకీ, అక్కణ్ణించి మరో బల్లకీ నడిచి, చివరికి బజారులో ఒక సప్లయర్ దగ్గరికి చేరింది. దారిలో ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు. ఏప్రిల్ మొదట్లో, ఇంకో రెండ్రోజుల్లో నాకు బ్రేక్ ఇస్తారనగా, మూడు పెద్ద అట్టపెట్టెలు వచ్చాయి. దాదా తాళ్ళు కోశాడు. లోపల గులాబీలు, డాలియాలు, లిల్లీలు ఉన్నాయి. అన్నీ ప్లాస్టిక్‌వి, తీగ కాడలతో.

దాదా ఒక గులాబీని అటూ ఇటూ తిప్పి చూశాడు. నాకు తెలిసి మొదటిసారి ఆయన మొహంలో పని మీద ఇష్టం కనబడింది. "జల్ దితే హొబే నా," అన్నాడు. నీళ్ళు పోయక్కర్లేదని.

పెద్దబాబు వచ్చి పెట్టెల్లోకి చూసి అక్కడే ఒక బోర్లించిన కుండీ మీద కూలబడ్డాడు. కాసేపటికి జేబులోంచి ఇండెంట్ నకలు తీసి మళ్ళీ చదువుకున్నాడు. ధైర్యం వచ్చింది. "అడిగిందే వచ్చింది. కాగితంలో తప్పు లేదు. పాతండి," అన్నాడు.

పాతాం. తోటలో పువ్వులున్నాయి కాబట్టి మాలీ ఉండాలని దాదా రిజిస్టర్లో నా పేరు ఉంచేశాడు. నేనేం నవ్వుతాను, నా బ్రేక్ ఆగింది. రోజూ పొద్దున్నే డబ్బా పట్టుకుని ప్లాస్టిక్ గులాబీలకి నీళ్ళు పోశాను. మూడో రోజుకి రంగు కారి మడంతా గులాబీ రంగు బురదయింది. సాహెబు జీపులోంచి దూరంగా చూసి 'వెరీ గుడ్' అన్నాడని డ్రైవరు చెప్పాడు. ఎనిమిదేళ్ళు నిజం పువ్వులు పూయిస్తే ఎవరూ అనని మాట అది. నాకు కోపం వచ్చింది, దాని వెనకే కొంచెం సంతోషమూ వేసింది. అంత సిగ్గులేని మనిషిని.

ఆ సంతోషాన్ని కాలబైశాఖి ఎత్తుకుపోయింది. అంటే వేసవి సాయంత్రాల్లో ఆ వైపు ఉన్నట్టుండి విరుచుకుపడే గాలివాన. నిజం మొక్కకైతే వేరుంటుంది. మా పర్మనెంట్ పువ్వులకి జానెడు తీగ తప్ప ఇంకేమీ లేదు. పది నిమిషాల్లో తోటంతా లేచి, గోడ దాటి, సాహెబు బంగళా వైపు వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున్న ఆయన టీ తాగుదామని వరండాలోకి వస్తే, ఆయన కుర్చీలో పసుప్పచ్చ డాలియా ఒకటి కూర్చుని ఉందట.

దాదానీ, పెద్దబాబునీ, నన్నూ వరసగా నిలబెట్టాడు. బల్ల మీద ఆ డాలియా ఉంది. పెద్దబాబు ఇండెంట్ నకలు తియ్యబోయాడు, సాహెబు చెయ్యి అడ్డం పెట్టాడు. నా వైపు తిరిగి హిందీలో నెమ్మదిగా చెప్పాడు. ఇన్‌స్పెక్షన్ ఇంకా మూడు వారాలుంది, ఆ రోజు తోటలో నిజం పువ్వులు కనబడాలి. కనబడితే స్క్రీనింగ్ సంగతి చూస్తాను. కనబడకపోతే వచ్చే పూజకి ఇంకో మాలీని చూసుకుంటాను.

"ఠీక్ హై సాబ్" అన్నాను. ఏమీ ఠీక్‌గా లేదు. ఆ ఎండల్లో పాతితే బతికే పూలమొక్క ఏ నర్సరీవాడి దగ్గరా లేదు. ఇప్పటిదాకా పోయింది వేసవి పనే, ఇప్పుడు చలికాలం పనికీ ఎసరొచ్చింది.

ఖరిదాలో మా ఒంటిగదికి వెళ్ళి నా భార్యకి అంతా చెప్పాను. కూర తరుగుతూ వింది. ప్లాస్టిక్ గులాబీలకి నీళ్ళు పోసిన దగ్గర కత్తిపీట పక్కకి జరిపి మరీ నవ్వింది. సాహెబు అన్న మాట దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆపింది.

"నీకు ఎండకి సావని మొక్కలు కావాల, అంతే కదేటి? రేపొద్దున్న నాతోటి రా. మా నాయన దగ్గరున్నాయి."

"మీ నాయన దగ్గరా?"

"మీద," అంది.

మర్నాడు తెలుగు క్రైస్తవుల సమాధుల తోటకి తీసుకెళ్ళింది. చనిపోయినవాళ్ళ రోజుకి తప్ప నేను అటు వెళ్ళేవాణ్ణి కాదు. అక్కడ కుళాయి లేదు, నీడ లేదు, గడ్డి సైతం మాడి ఉంది. మా మావ సమాధి మీద మాత్రం బిళ్ళగన్నేరు గుబురుగా పెరిగి, తెల్లవీ గులాబీరంగువీ విరగబూసి ఉంది. బెంగాలీలు దాన్ని నయన్‌తారా అంటారు, హిందీవాళ్ళు సదాబహార్ అంటారు. ఆఫీసు తోటలో అది మొలిస్తే మేం కలుపని పీకి పారేసేవాళ్ళం.

"దీనికి ఎవులు నీళ్ళు పోసినారు? ఎవులూ పొయ్యలేదు. సేదని మేక కూడా మూతెట్టదు. అచ్చం మా నాయనే," అంది నా భార్య.

ఎనిమిదేళ్ళు మాలీ పని చేసి, ఏ మొక్క ఎక్కడ తనంతట తాను బతుకుతోందో ఒక్కసారీ చూడనందుకు నిజంగా సిగ్గేసింది. మీలో ఎవరికైనా తోట పిచ్చి ఉంటే ఈ ఒక్కటి గుర్తుంచుకోండి. వేసవి తోటకి మొక్కలు ఎంచుకోవడానికి ముందు నర్సరీకి పోకండి. ఎవరూ నీళ్ళు పోయని చోట్లకి పోయి, అక్కడ ఏది నవ్వుతూ ఉందో చూడండి.

వేళ్ళకి మట్టి రాలకుండా మొక్కలన్నీ తవ్వి గోనెసంచుల్లోకి ఎత్తాను. సమాధి బోసిపోయింది. నా భార్య సంచిలోంచి ఐదారు ప్లాస్టిక్ గులాబీలు తీసింది. గాలివానకి మిగిలినవి నేనే ఇంటికి తెచ్చి పడేశాను, ఆవిడ ఎప్పుడు తీసి పెట్టుకుందో తెలీదు. వాటిని వరసగా గుచ్చింది.

"కొన్నాళ్ళు ఇయి ఉంచుకో నాయనా. క్యాజువల్‌యి. ఈయన కాయితం వొచ్చినాక నీయి నీకు తెచ్చి పెడతాం," అంది.

తర్వాత రెండ్రోజులు సైకిలు మీద ఊరంతా తిరిగాను. ఇంజన్ షెడ్డు పక్క మురిక్కాలవలో, నూనె కలిసిన నల్లబురదలో ఎర్ర మెట్టతామరలు దొరికాయి. న్యూ సెటిల్‌మెంట్ పెరళ్ళలో, గిన్నెలు కడిగిన నీళ్ళతో బతికే కనకాంబరాలు దొరికాయి. ఆడవాళ్ళు అడగ్గానే ఇచ్చారు. గడ్డిగులాబీ కూడా చూశాను. అక్కడ దాన్ని టైమ్ ఫూల్, అంటే టైము పువ్వు అంటారు, పదింటికి విచ్చుకుని రెండింటికి ముడుచుకుంటుంది. అలాంటివాళ్ళు ఆఫీసులో ఇప్పటికే ఉన్నారని వదిలేశాను.

నాటడం పొద్దు వాలాక చేశాను. ముందు పువ్వులన్నీ తుంచి పారేశాను. కొమ్మలు మూడోవంతు కత్తిరించాను. పువ్వుల కోసం తెచ్చిన మొక్కల్నించి పువ్వులు తుంచడం చూసి దాదా నీడలోంచే తల కొట్టుకున్నాడు. మొక్క ముందు వేరు పట్టుకోవాలి, పూత తర్వాత అని నేను చెబితే, నీకు వేళ్ళు లేకుండా ఎనిమిదేళ్ళు గడవలేదా అన్నాడు. మడుల మీద వెదురుకర్రలు కట్టి, తడిపిన గోనెలు పరిచాను. రోజూ తెల్లవారకముందే మొక్కల మొదళ్ళలో నీళ్ళు పోసి, మళ్ళీ మర్నాటిదాకా ముట్టుకోలేదు. మూడో రోజు మధ్యాహ్నం గాలికి ఒక గోనె కొట్టుకుపోతుంటే నేను పరిగెత్తాను. వెనక్కి తిరిగి చూస్తే రెండో కొస దాదా పట్టుకుని ఎండలో నిలబడి ఉన్నాడు. ఆ రోజే నాకు ఈ పని అవుతుందని నమ్మకం కుదిరింది.

పదో రోజుకి గోనెలు తీసేశాను. రెండో వారం దాటేసరికి బిళ్ళగన్నేరు మొగ్గ తొడిగింది, మెట్టతామర ఆకు విచ్చింది, కనకాంబరం కంకులు వేసింది. ఇన్‌స్పెక్షన్ సోమవారం. ఆదివారం పొద్దున్న చర్చికి వెళితే, ముందు వరసల్లో కూర్చున్న ఆడవాళ్ళ జడల్లో మా కనకాంబరాలన్నీ ఉన్నాయి. మొక్కలు వాళ్ళవే కాబట్టి పువ్వులూ వాళ్ళవేనని తెల్లారకముందే కోసుకుపోయారు. ఇదేటమ్మా అని ఒకావిడని అడిగితే, "మళ్ళీ పూస్తాయి లేరా. పర్మనెంట్ పువ్వులంట కదా," అంది. ప్రార్థనలో నా మనసంతా ఆ జడల మీదే ఉంది.

సోమవారం పెద్ద సాహెబు దారి వెంట నడుస్తూ వచ్చాడు. పక్కన మా సాహెబు, వెనక పెద్దబాబు, ఆ వెనక దాదా, అందరికన్నా చివర నీళ్ళడబ్బాతో నేను. కనకాంబరం మడులు రెండూ ఉత్త పచ్చగా ఉన్నాయి. ఆయన వాటిని చూడకుండా నడిచిపోయాడు. అర్ధచంద్రం మడి దగ్గర మాత్రం ఆగాడు. వెనక వరసలో ఎర్ర మెట్టతామరలు, ముందు మా మావ బిళ్ళగన్నేరు, తెలుపూ గులాబీ కలిసి, మట్టి కనబడకుండా పూసి ఉంది. ఈ పువ్వు పేరేమిటని అడిగాడు. మా సాహెబు పెద్దబాబు వైపు చూశాడు.

"పర్మనెంట్ ఫ్లవర్, సర్," అన్నాడు పెద్దబాబు అలవాటు కొద్దీ.

మా సాహెబు కళ్ళు మూసుకున్నాడు. పెద్ద సాహెబు నేరుగా నన్నే అడిగాడు. "కహాఁ సే లాయా?"

సమాధి అనే మాటకి హిందీ నాకు బాగా తెలుసు. అప్పటికి మాత్రం ఎగిరిపోయింది. నోటికొచ్చింది చెప్పాను.

"ససుర్ కే ఊపర్ సే, సాబ్."

మావగారి మీదనుంచి తెచ్చానని. "ససుర్ నే కుఛ్ నహీఁ బోలా?" అన్నాడు పెద్ద సాహెబు. మీ మావ ఏమీ అనలేదా అని.

"నహీఁ సాబ్. వో మర్ గయా."

చనిపోయాడని. అప్పుడర్థమైంది పెద్ద సాహెబుకి. నవ్వు ఆపుకోలేక మా సాహెబు భుజం పట్టుకున్నాడు. మా సాహెబు నవ్వాలో వద్దో తెలీక సగం నవ్వాడు. మీ మావ ఏం పని చేసేవాడని అడిగితే, బాయిలర్ మేకర్, పర్మనెంట్ అన్నాను. మరి నువ్వు అన్నాడు. క్యాజువల్ అన్నాను. ఆయన నవ్వు ఆగింది. పువ్వుల్ని ఇంకోసారి చూసి, "అచ్ఛా" అని ముందుకి వెళ్ళిపోయాడు.

అచ్ఛా అంటే ఏ ఆర్డరూ కాదు. ఆ వారమంతా మా సాహెబు నన్ను పిలవలేదు. అయిపోయిందనుకున్నాను. పిలిచింది పెద్దబాబు. నేను వెళ్ళేసరికి ఎర్రగుడ్డ విప్పి ఉంది, డిక్షనరీ పక్కన పాత సర్క్యులర్ ఒకటి ఉంది.

"ఆ ప్లాస్టిక్ పువ్వుల తర్వాత నాకు సరిగ్గా నిద్ర లేదు," అన్నాడు. "ఆ మాట ఇంకెక్కడైనా ఉందేమోనని ఫైళ్ళన్నీ వెతికాను. ఇదిగో, మనుషుల గురించి కూడా వాడారు. పని పెరెన్నియల్ అయితే, అంటే ఏడాది పొడుగునా ఉండేదైతే, దాన్ని క్యాజువల్ మనిషితో నడపకూడదు. ఇన్నాళ్ళూ నీ పువ్వులు సీజనల్, కాబట్టి నువ్వూ సీజనల్. ఇప్పుడు నీ పువ్వులు ఏమిటి?"

నేను ఆ మాట పలకలేకపోయాను. ఆయనే పలికి, అదే మాట పెట్టి నోట్ రాసి, తనే సాహెబు గదిలోకి పట్టుకెళ్ళాడు. భయస్తుడైన మనిషి అలా పిలవకుండా లోపలికి వెళ్ళడం నేనెప్పుడూ చూడలేదు. తలుపు దగ్గర నిలబడి విన్నాను.

"ఈసారి ఈ మాటకి అర్థం తెలిసే రాశారా?" అన్నాడు సాహెబు.

"రెండుసార్లు చూశాను, సర్."

సాహెబు సంతకం పెట్టాడు. ఆ వేసవి నాకు బ్రేక్ రాలేదు, ఆ పై వేసవీ రాలేదు. బిళ్ళగన్నేరు పూస్తూనే ఉంది, నా రోజులు నిండుతూనే ఉన్నాయి. స్క్రీనింగ్‌కి పిలిచారు. అక్కడ ఒకాయన గునపం చూపించి ఇదేమిటని అడిగాడు. అన్నేళ్ళు ఎదురుచూసింది ఆ ప్రశ్న కోసమా అనిపించింది గానీ, గునపమనే చెప్పాను.

కాగితం వానలు తగ్గుతుండగా వచ్చింది. ఇంటికి వెళ్ళగానే నా భార్య దాన్ని చదివి, మడిచి, చీర కొంగున కట్టుకుని, "పద" అంది. తోటలో రాలిన గింజలతో లేచిన బిళ్ళగన్నేరు మొక్కలు గంపలో పెట్టుకుని వెళ్ళాం. ప్లాస్టిక్ గులాబీలు వెలిసి తెల్లబడి ఉన్నాయి. వాటి సందుల్లోంచి బిళ్ళగన్నేరు మొలకలు రెండు మూడు అప్పటికే లేచి ఉన్నాయి. ఆయన మా కోసం ఆగే మనిషి కాదు. నేను మోకాళ్ళ మీద కూర్చుని మొక్కలు నాటి, డబ్బా ఎత్తాను. నా భార్య ఆ గులాబీలు పీకి పక్కన పెట్టి, సమాధి దగ్గరికి వంగింది.

"నాయనా, అల్లుడొచ్చినాడు. మంచినీళ్ళిస్తన్నాడు, తాగు."

బిళ్ళగన్నేరుకి అన్ని నీళ్ళు పోయకూడదు. ఆ ఒక్కరోజు డబ్బా మొత్తం పోశాను.